12×10 గది, పక్కనా కిందా కాపురాలు: పాటలు వినే గదికి శబ్దం కట్టడి ఎలా?

#1 తంబురాశ్రుతి

గది వివరాలు ముందే రాస్తున్నాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. లోపలి కొలత 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9.5 అడుగుల ఎత్తు. బయటి గోడలు 8 అంగుళాల ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలతో తేలికగా చేసిన సిమెంటు ఇటుకలు). పక్క ఫ్లాటుతో ఉమ్మడిగా ఉన్న 12 అడుగుల గోడ మాత్రం 4 అంగుళాల బ్లాకుదే, రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంది. నేల టైల్స్. 5×4 స్లైడింగ్ కిటికీ ఒకటి. 3×7 ఫ్లష్ డోర్, దాని కింద అరంగుళం సందు. స్ప్లిట్ ఏసీ, సీలింగ్ ఫ్యాన్.

నిలువు స్పీకర్లు రెండు, 10 అంగుళాల సబ్‌వూఫర్ (మంద్ర శబ్దాలు, అంటే బేస్, పలికించే స్పీకర్) ఒకటి. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు.

కష్టాలు రెండు. మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ ముఖం) దెబ్బలు పక్కింటికి వెళ్తున్నాయి. గది లోపలేమో వయొలిన్ చెవిలో గుచ్చుతోంది, బేస్‌లో ఒక స్వరం గుమ్మని మోగితే పక్క స్వరం వినపడనే వినపడదు. నాలుగు గోడలకూ అంగుళం మందం పిరమిడ్ ఫోమ్ అంటిస్తే రెండూ తీరతాయా?

#2 సివిల్‌సైటు

ఫోమ్‌తో మొదటి కష్టం తీరదు, రెండోది సగం కూడా తీరదు. కొనకండి.

శబ్దాన్ని బయటికి పోకుండా ఆపడం ఒక పని, లోపల తిరిగే శబ్దాన్ని అణచడం వేరే పని. వాడే సరుకూ వేరే. ఆపాలంటే బరువు కావాలి, గాలి దూరని బిగింపు కావాలి, ఒక గోడ ఊగితే రెండోది ఊగకుండా మధ్యలో ఎడం కావాలి. ఫోమ్‌కి బరువు లేదు, గాలి దాని గుండా పోతుంది. కోడిగుడ్ల అట్టలదీ అదే సంగతి.

ముందు సందులు. మీ తలుపు 3×7 అంటే 3,024 చదరపు అంగుళాలు. కింద అరంగుళం సందు 36 అంగుళాల పొడవున 18 చదరపు అంగుళాలు. అంటే 0.6 శాతం. ఆ కాస్త సందు ఉన్నంతకాలం తలుపు ఎంత మందంగా చేయించినా 22 డెసిబెల్‌కి మించి ఆపలేదు. లెక్క మారదు. 1 శాతం తెరిచి ఉంటే 20 డెసిబెల్, 0.1 శాతం తెరిచి ఉంటే 30. అందుకే గోడ మీద చెయ్యి పెట్టకముందే ఈ నాలుగూ పూర్తి చేయండి.

తలుపు: పాత ఇళ్లలో ప్రతి గదికీ గడప ఉండేది, తలుపు దానికి ఆనేది. ఇప్పుడు పడకగదులకు గడప కట్టడం మానేశారు. అరంగుళం సందుని దాటి పైకి వచ్చేంత ఎత్తు గ్రానైట్ పట్టీని, తలుపు మూసినప్పుడు దాని కింది అంచు వచ్చి ఆనేలా నేలకి అతికించి, పట్టీ ముఖాన రబ్బరు గాస్కెట్ వేయండి. మిగతా మూడు వైపులా ద్వారబంధం గాడిలో ఈపీడీఎం రబ్బరు గాస్కెట్. తలుపుకి గది వైపు 12 మి.మీ. ప్లైవుడ్ అదనంగా కొడితే బరువు పెరుగుతుంది. అప్పుడు మూడు బందులు చాలవు, నాలుగోది వేయించాలి, లేకపోతే నెలల్లో తలుపు వాలి పైమూల సందు ఇస్తుంది. గాస్కెట్ బిగింపుకి తలుపు తిరిగి రాకుండా గట్టి గొళ్లెం కావాలి. మూశాక బయటి నుంచి టార్చ్ వేయండి. వెలుగు కనిపించిన చోటల్లా శబ్దం పోతుంది.

కిటికీ: స్లైడింగ్ పలకలకు ఉండే బ్రష్ అంచులు దుమ్మునే సరిగా ఆపవు. పాత కిటికీ అలాగే ఉంచి, లోపలి వైపు కనీసం 100 మి.మీ. ఎడంతో రెండో కిటికీ పెట్టించండి. అది తలుపులా తెరుచుకునే రకం కావాలి, అంచుల్లో రబ్బరు ఉండాలి. బయట 5 మి.మీ. గాజు ఉంటే లోపల 8 మి.మీ. లేదా లామినేటెడ్ వేయించండి. ప్రతి గాజుకీ ఒక బలహీనమైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది: 5 మి.మీ.కి 2,400 హెర్ట్జ్ దగ్గర, 8 మి.మీ.కి 1,500 దగ్గర. రెండూ ఒకే మందమైతే రెండూ ఒకేచోట లొంగిపోతాయి.

ఏసీ రాగి పైపు రంధ్రం: పైన మూత అందంగా ఉంటుంది, తీసి చూస్తే వెనక రెండున్నర అంగుళాల బొక్క. రాక్‌వుల్ (కరిగించిన రాతి నుంచి తీసిన ఉన్ని లాంటి సరుకు) కుక్కి, రెండు వైపులా అక్రిలిక్ సీలెంట్ పట్టించండి.

స్విచ్ బోర్డులు: ఉమ్మడి గోడలో మీ బాక్సూ పక్కింటి బాక్సూ వీపులానించి ఉండొచ్చు. 4 అంగుళాల గోడలో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపి, పెట్టె వెనకా పక్కలా సిమెంటుతో నింపించాలి.

#3 కొలతలపుస్తకం

రెండో కష్టం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ గది కొలతలే దోషి.

గోడకీ గోడకీ మధ్య స్థిర తరంగం (ముందుకు పోకుండా ఒకేచోట నిలిచి ఊగే అల) ఏర్పడే మొదటి ఫ్రీక్వెన్సీ కావాలంటే 565ని అడుగుల దూరంతో భాగించండి. 12 అడుగులకి 47 హెర్ట్జ్. 10 అడుగులకి 56.5. 9.5 అడుగులకి 59.5. చివరి రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ చుట్టుపక్కల స్వరం మోగిపోతుంది. వినేవారు 12 అడుగుల పొడవుకి సరిగ్గా మధ్యలో కూర్చుంటే 47 హెర్ట్జ్ మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ ఆ తరంగపు ఒత్తిడి సున్నా.

కాబట్టి డబ్బు ఖర్చు కాని పని ముందు చేయండి. స్పీకర్లు 10 అడుగుల గోడ వైపు పెట్టి, 12 అడుగుల పొడవున వాయించండి. కుర్చీ వెనక గోడకి సుమారు 4.5 అడుగుల దూరంలో, వెడల్పుకి నడిమధ్య. స్పీకర్‌ ముఖం తన వెనకున్న గోడకి ఎంత దూరమో కూడా చూడాలి. 2.5 అడుగులైతే 113 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది: గోడకి తగిలి తిరిగొచ్చిన అల నేరుగా వచ్చే అలకి ఎదురు తిరిగి రెండూ కొట్టేసుకుంటాయి. తొప్పి నిండుతనంలో చాలా భాగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక అడుగుకి జరిపితే గొయ్యి 280 దగ్గరికి పోతుంది, అక్కడ శబ్దాన్ని పీల్చే నాలుగంగుళాల మందం ప్యానెల్ దాన్ని పట్టగలదు.

ఇక మోత సంగతి, అంటే శబ్దం ఆగాక కూడా గదిలో మిగిలే ప్రతిధ్వని. గది ఘనపరిమాణం 1,140 ఘనపు అడుగులు, మొత్తం ఉపరితలం 658 చదరపు అడుగులు. టైల్స్, ప్లాస్టరింగ్, గాజు సగటున 4 శాతమే పీల్చుకుంటాయి అనుకుంటే 26 చదరపు అడుగుల పీల్పు, అంటే శబ్దాన్ని పూర్తిగా మింగే అంత ఉపరితలంతో సమానం. సబైన్ సూత్రం ప్రకారం 0.049 × 1,140 ÷ 26, అంటే 2.1 సెకన్లు. వినే గదికి 0.3 నుంచి 0.4 చాలు. దానికి 160 చదరపు అడుగుల పీల్పు కావాలి. 1895లో హార్వర్డ్‌లో సబైన్ ఈ లెక్క మొదలుపెట్టింది నాటకశాల కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఒక్కో వరస పరుస్తూ మోత ఎంత తగ్గిందో గడియారంతో చూసి. ఇప్పటికీ మనం కొలిచేది ఆ దిండ్ల లెక్కనే. అయితే చిన్న గదిలో 200 హెర్ట్జ్ కింద ఈ సూత్రాన్ని నమ్మకూడదు, అక్కడ స్థిర తరంగాలదే రాజ్యం.

#4 తంబురాశ్రుతి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉమ్మడి గోడ మాటేమిటి? అమెరికా వీడియోల్లో రెండు జిప్సం బోర్డుల మధ్య గ్రీన్ గ్లూ, వెనక రెసిలియెంట్ చానెల్ అంటున్నారు. అదే చేయించనా? లేక ఇంకో పొర ప్లాస్టరింగ్ చాలా?

#5 డల్లాస్‌తెలుగు

ఇక్కడి ఇళ్ల గోడలు చెక్క నిలువులకి రెండు వైపులా జిప్సం బోర్డు కొట్టినవి, లోపల బోలు. ఆ బోర్డు రేకులా ఊగుతుంది, దాన్ని అణచడానికి గ్రీన్ గ్లూ, నిలువు నుంచి విడదీయడానికి చానెల్. మీది బ్లాకు గోడ. దాని మీద చానెల్ కొట్టి బోర్డు బిగిస్తే మధ్యలో మిగిలేది అరంగుళం గాలి. అది మీకు మేలు కన్నా కీడే చేస్తుంది. ఈ వీడియోలు చూసి మన ఊళ్లలో చాలామంది డబ్బు పోసేది ఇక్కడే.

#6 సివిల్‌సైటు

సరిగ్గా చెప్పారు. ఆ కీడు ఎందుకో అంకెల్లో చూడండి. బోర్డు ఒక బరువు, వెనక గాలి స్ప్రింగు. ఒక్క 12.5 మి.మీ. బోర్డు చదరపు మీటరుకి 9 కిలోలు. గోడకి 25 మి.మీ. దూరంలో పెడితే ఆ జత 126 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది. ఆ చుట్టుపక్కల ఉత్త గోడ కన్నా ఎక్కువ శబ్దం అవతలికి పోతుంది. మృదంగం ఇంకా బాగా వినిపిస్తుంది పక్కింటికి.

ప్లాస్టరింగ్ మాట: మీ 4 అంగుళాల గోడ ప్లాస్టరుతో కలిపి చదరపు మీటరుకి సుమారు 105 కిలోలు. 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడైతే 400 దాటేది. ఇంకో 12 మి.మీ. పొర వేస్తే 23 కిలోలు పెరుగుతాయి, దక్కేది 2 డెసిబెల్ లోపు. బరువు రెట్టింపైతేనే 6. కాబట్టి బరువు పెంచుకుంటూ పోవడం కాదు, విడిగా రెండో గోడ నిలబెట్టాలి.

వరస ఇది. ఉమ్మడి గోడకి 25 మి.మీ. వదిలి, 50 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేమ్. అడుగు చానెల్, పై చానెల్ రెండింటి కిందా రబ్బరు లేదా ఫోమ్ పట్టీ. నిలువులు 600 మి.మీ.కి ఒకటి, 12 అడుగులకి 7. ఏ నిలువూ గోడని తాకకూడదు, ఊగుతోందని మేస్త్రీ ఒక్క క్లాంపు గోడకి కొట్టినా ఆ దారినే శబ్దం దాటుతుంది. నిలువుల మధ్య 50 మి.మీ. రాక్‌వుల్, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రతది. 1200×600 పలకలు 15 పడతాయి. ముందు వైపు రెండు పొరల 12.5 మి.మీ. జిప్సం బోర్డు, మొదటి పొర అతుకుల మీద రెండో పొర అతుకు రాకుండా. 6×4 బోర్డులు తరుగుతో కలిపి 11. చుట్టూ 43 అడుగుల అంచున బోర్డుని 5 మి.మీ. ఎడంగా ఆపి ఆ సందుని అక్రిలిక్ సీలెంట్‌తో నింపాలి. పుట్టీ వద్దు, ఎండి పగులుతుంది. ఈ కొత్త గోడలో స్విచ్ బోర్డు కోయవద్దు, పైన పెట్టె వేసుకోండి.

బోర్డు రెండు పొరలు 18 కిలోలు, వెనక ఎడం 75 మి.మీ. అనునాదం రాక్‌వుల్‌తో 45 హెర్ట్జ్ చుట్టూ దిగుతుంది. 65 హెర్ట్జ్ పైన మంచి ఫలితం, అంటే తొప్పి, డోలు, మగ గొంతు. 40 హెర్ట్జ్ సబ్‌వూఫర్ హోరు మాత్రం శ్లాబు గుండా పోతుంది, ఒక్క గోడతో అది ఆగదు. పూర్తిగా ఆగాలంటే నేల, కప్పు, నాలుగు గోడలూ విడిగా గదిలో గదిగా కట్టాలి. అపార్ట్‌మెంట్‌లో శ్లాబు మోయగల బరువు ఇంజినీరు చూడకుండా ఆ పని తలపెట్టకూడదు.

#7 మూలబేస్

లోపలి పనికి నా లెక్క, కొలతలపుస్తకం గారు చెప్పిన 160 చదరపు అడుగుల పీల్పుకి సరిపోయేలా:

4×2 అడుగుల ప్యానెళ్లు 8. ఒక్కోదానిలో 50 మి.మీ. రాక్‌వుల్ పలకలు రెండు, మొత్తం 16. ఫ్రేమ్‌కి 4 అంగుళాల వెడల్పు చెక్క పట్టీ, లోపలి కొలత 1195×595, అప్పుడు పలక తనంతట తానే బిగుస్తుంది. గోడకి 2 అంగుళాలు ఎడంగా వేలాడదీయండి. శబ్దాన్ని పీల్చే సరుకు గోడకి ఆనుకుని ఉంటే దాని సత్తా తక్కువ, ఎందుకంటే గోడ ముఖాన గాలి కదలదు. కదిలే గాలిని రాపిడితో ఆపడమే దాని పని. అంగుళం ఫోమ్ చిన్న తరంగాలనే పట్టి పెద్దవాటిని వదిలేయడానికి కారణం అదే. గది మసకగా, గుమ్మంటూ మిగులుతుంది.

ఎక్కడ: కుర్చీలో ఒకరు కూర్చుని, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోట ప్యానెల్. పక్క గోడలకి రెండేసి, కప్పుకి రెండు, వెనక గోడకి రెండు. కప్పువి ఫ్యాన్ రెక్కలకి అడుగు దూరం ఉండేలా, శ్లాబుకి యాంకర్ బోల్టులతో. జిగురుతో కప్పుకి ఏదీ అంటించవద్దు, తల మీద పడుతుంది.

ముందు రెండు మూలలకి నేల నుంచి కప్పుదాకా రాక్‌వుల్ స్తంభాలు. ఒక పలకని రెండు చతురస్రాలుగా, ఒక్కోదాన్ని మూలగా కోస్తే 4 త్రిభుజాలు వస్తాయి. 9.5 అడుగుల ఎత్తుకి 58 త్రిభుజాలు, మూలకి 15 పలకలు, రెండింటికీ 30. మూడు నాలుగు అడుగులకి ఒక చెక్క పట్టీ ఆసరా పెట్టకపోతే కిందివి అణిగి పైన ఖాళీ వస్తుంది. ఇంత మందానికి 32 లేదా 48 కిలోల సాంద్రత చాలు. 96 కిలోలది ఖరీదు ఎక్కువ, పైగా మందంగా పేర్చినప్పుడు గాలిని లోపలికి రానివ్వదు, బేస్ దాని ముఖం నుంచే తిరిగి వెళ్తుంది.

మొత్తం: ఇప్పుడున్న 26, ప్యానెళ్లు 64, స్తంభాలు 53, ముందు 8×6 తివాచీ 14, సోఫా, మనుషులు 10. కలిపితే 167. మోత 0.33 సెకన్లకి వస్తుంది.

#8 పాతరేడియో

ఇంత రాక్‌వుల్ అవసరమా? మందం పరదాలు, ఇంట్లో ఉన్న బొంతలు, తివాచీలు నాలుగు వైపులా వేస్తే చాలదా?

#9 మూలబేస్

బొంతకి విలువ లేదని అనను. నాలుగైదు పొరల చీరలతో కుట్టిన బొంతని గోడకి 4 అంగుళాలు ఎడంగా వేలాడదీస్తే గొంతు ఫ్రీక్వెన్సీల్లో బాగానే పీలుస్తుంది. చప్పట్లు కొడితే టింగుమనే ప్రతిధ్వని పోతుంది. కానీ నాలుగు వైపులా గుడ్డలే వేస్తే పైస్థాయి చచ్చిపోయి, 60 హెర్ట్జ్ మోత అలాగే ఉంటుంది. తంబురాలో ఆ జీవం, తీగ మీద జవారీ (తీగ ఝుమ్మనే గుణం) మెరుపు ముందు పోతాయి. కర్ణాటక సంగీతం వినే గదికి ఇంతకన్నా అన్యాయం లేదు. బొంతలు, పరదాలు మూలల పని అయ్యాక, కొరత ఉన్న చోటే.

#10 వైజాగ్‌గాలి

సరుకు ఎన్నేళ్లు నిలుస్తుందో కూడా చూడాలి. ఈ మాటలు కోస్తా ఊళ్లకి మరీ ముఖ్యం.

బయటి గోడకి ప్యానెల్ ఆనించవద్దు. వానాకాలం చెమ్మ వెనక చేరి బూజు పడుతుంది. 2 అంగుళాల ఎడం బేస్‌కే కాదు, గాలి ఆడటానికీ కావాలి. చెక్క పట్టీలకి అన్ని ముఖాలా చెదల మందు పూసి, ఆరాక బిగించండి. నేలకి తగిలే స్తంభాల అడుగున టైలు ముక్క లేదా పీవీసీ పట్టీ.

గుడ్డ: నోటికి ఆనించి ఊదండి. ఊపిరి తేలిగ్గా దాటితే పనికొస్తుంది. వదులు నేత చేనేత నూలు, గోనెపట్టా రెండూ బాగుంటాయి. రెక్సిన్, మందం సోఫా గుడ్డ వద్దు. గుడ్డ లోపల పల్చటి నాన్‌వోవెన్ (నేయని గుడ్డ) పొర చుడితే రాక్‌వుల్ నూగు బయటికి రాదు. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ఒక మాట బతిమాలి చెబుతున్నాను. మామూలు పరుపుల ఫోమ్ గోడలకి అంటించవద్దు. అది అంటుకుంటే నిమిషాల్లో గది నిండా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్. 2003లో అమెరికా రోడ్ ఐలాండ్‌లోని ఒక నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు గోడల మీది ఫోమ్‌కి తగిలి 100 మంది చనిపోయారు. మనం తలుపుకి గాస్కెట్ వేసి, కిటికీ బిగించి కూర్చునే గది ఇది. రాక్‌వుల్ మండదు.

#11 కొలతలపుస్తకం

పనికి ముందూ తర్వాతా కొలవండి, లేకపోతే ఏది పని చేసిందో తెలియదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితం, యూఎస్‌బీ కొలత మైకు ఒకటి చాలు. మైకు చెవి ఎత్తులో, కుర్చీ ఉన్నచోట. దానితో వచ్చే కాలిబ్రేషన్ ఫైలు (మైకు తేడాల్ని సరిచేసేది) ఎక్కించండి, మైకు పైకి తిప్పి పెడితే 90 డిగ్రీలది. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి: తిరిగే రెక్కలు ప్రతిఫలనాన్ని ముక్కలు చేస్తాయి, గాలి మైకుకి తగిలి బేస్ అంకెలు చెడతాయి. ఏసీ కూడా ఆపండి. 20 నుంచి 300 హెర్ట్జ్ వరకు, గీతని నునుపు చేసే స్మూతింగ్ లేకుండా చూసి, వాటర్‌ఫాల్ పటంలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతసేపట్లో చల్లారుతుందో చూపేది) ఏ ఫ్రీక్వెన్సీ తోక పొడుగ్గా ఉందో గుర్తించండి.

ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే సర్దుబాటు) గుట్టలు కోయవచ్చు, గోతులు నింపకూడదు. 47 దగ్గర గొయ్యి ఉందని 10 డెసిబెల్ పెంచితే ఆంప్లిఫయర్ పదింతల శక్తి పెడుతుంది, గొయ్యి అలాగే ఉంటుంది, కిందింటివారికి మాత్రం హోరు పెరుగుతుంది.

పక్కింటి శబ్దం ఫోన్ యాప్‌తో కొలిస్తే అది ఏ రకం వెయిటింగ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత లెక్కలోకి తీసుకోవాలనే పద్ధతి) ఉందో చూడండి. ‘A’ వెయిటింగ్ 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్ తగ్గించి చూపుతుంది. అంకె బాగుంటుంది, పక్కింటివారి గోడ మాత్రం అదురుతూనే ఉంటుంది. ‘C’ వెయిటింగ్‌లో చూడాలి. నివాస ప్రాంతాలకి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్, అదీ ‘A’ వెయిటింగ్‌లోనే. నియమం దాటలేదని ఊరుకోక, రాత్రికి సబ్‌వూఫర్ 60 హెర్ట్జ్ కింద 6 డెసిబెల్ తగ్గించే రెండో సెట్టింగ్ పెట్టుకోండి.

#12 తంబురాశ్రుతి

అన్నీ బిగించాక లోపల గాలి సంగతి? ఏసీ ఉంటే చాలు కదా?

#13 సివిల్‌సైటు

చాలదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు. మీ గది 32 ఘనపు మీటర్లు. ఇద్దరు కూర్చుంటే గంటకి సుమారు 40 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, అంటే గంటకి 1,200 పీపీఎం (పది లక్షల వంతుల్లో 1,200) పైగా పెరుగుదల. రెండో గంటకి తలనొప్పి, నిద్రమత్తు.

బయటి గాలి వచ్చిపోయే దారికి 18 మి.మీ. ప్లైవుడ్‌తో శబ్దం అణచే పెట్టె చేయించండి, లోపల 50 మి.మీ. రాక్‌వుల్ మీద నాన్‌వోవెన్, గాలి దారికి కనీసం రెండు మలుపులు. 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (గాలి గొట్టంలోనే బిగించేది) పెట్టెకి గదికి దూరంగా ఉన్న చివర. ఒకటి గాలి తేవడానికి, ఫ్యాన్ లేని రెండో పెట్టె పోవడానికి. గాలి దారి 6 అంగుళాలు వెడల్పు ఉంచితే సవ్వడి రాదు.

#14 కొలతలపుస్తకం

ఒక్క సవరణ. ఉమ్మడి గోడకి రెండో గోడ నిలబెడితే 4 అంగుళాలు పోయి వెడల్పు 9 అడుగుల 8 అంగుళాలు అవుతుంది. దాని మొదటి స్థిర తరంగం 58.4 హెర్ట్జ్‌కి జరుగుతుంది. ఎత్తుది 59.5. ఇప్పటిదాకా 3 హెర్ట్జ్ ఎడం ఉండేది, ఇక ఒకటే. జిప్సం గోడ తాను ఊగుతూ ఆ చుట్టూ కొంత పీల్చుకుంటుంది కాబట్టి ఎంత మిగులుతుందో కొలిస్తేనే తేలుతుంది. అయినా సబ్‌వూఫర్‌ని మూలలో కాక 10 అడుగుల గోడకి నడిమధ్య పెట్టండి. అక్కడ వెడల్పు తరంగానికి ఒత్తిడి సున్నా, సబ్ దాన్ని లేపలేదు. ఎత్తు తరంగం ఒక్కటే మిగులుతుంది. దానికి కప్పు ప్యానెళ్లు రెండూ 4 అంగుళాలకి బదులు 6 చేయించండి, అదనంగా రాక్‌వుల్ పలకలు రెండే.

#15 మూలబేస్

అయితే రాక్‌వుల్ ఆర్డరు: గోడకి 15, ప్యానెళ్లకి 18, స్తంభాలకి 30. మొత్తం 63, గాలి పెట్టెలకి ఇంకో 3. స్తంభాలు మాత్రం జిప్సం గోడ లేచాకే కొలిచి కోయండి.